చీమల సాక్ష్యం

ఆ రోజు ఉదయం అనుకున్న పని ఒక్కటే. కోడల్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి, మీటరులో షుగర్ అంకెలు చూపించి, ఎండ ముదరకముందే ఇంటికి తీసుకొచ్చెయ్యాలి. ఇంతే. ఇంత చిన్న పనికి అత్తగారు ముందురోజే పాత రిపోర్టులు, కొత్త రిపోర్టులు, గొడుగు, నీళ్ల సీసా, ఎందుకైనా మంచిదని ఒక దుప్పటి కూడా సంచిలో సర్దారు.

"దుప్పటెందుకు అత్తయ్యా?" అని కోడలు అడిగింది.

"అడక్కు. అడిగితే నాకు ఏడుపొస్తుంది," అన్నారావిడ.

కోడలికి ఏడో నెల. కడుపుతో ఉండగా షుగర్ బయటపడింది. ఇన్సులిన్ సూదులు, కొలిచి తినడం, కొలిచి నడవడం అన్నీ మొదలయ్యాయి. కిందటిసారి డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కచ్చితంగా చెప్పింది: "వచ్చేసారికి ఈ అంకెలు దారిలోకి రాకపోతే ప్రసవం దాకా వార్డులోనే ఉంచేస్తాను. ఇంట్లో మేం చూసుకుంటాం అని ఎవరూ నన్ను బతిమాలొద్దు."

వార్డంటే సాయంత్రం కాసేపు కిటికీ బయట నిలబడి చూసి వచ్చెయ్యాలి. అత్తగారికి ఎడబాటు పడదు. కూతురు కాపురానికి వెళ్లిన రోజు ఆవిడ కదిలే రైలుతోపాటు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచారు. పేపరు వేసే మనిషి ఇల్లు మారుతున్నానని చెప్పడానికి వస్తే అతని ముందే కళ్లు ఒత్తుకున్నారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్లమ్మ, అన్నం మూతపెట్టి, ఇప్పుడే వచ్చేస్తానని ఆసుపత్రికి వెళ్లింది. ఆ అన్నం ఎవరు తిన్నారో, అసలు తిన్నారో లేదో ఆవిడకి గుర్తులేదు. మూత మాత్రం గుర్తుంది.

అందుకని ఆవిడ తెగించారు. తెగించిన మనిషి తిన్నగా పొరుగింటికి వెళ్లారు. అక్కడే కొంప మునిగింది.

పొరుగావిడని వీధిలో అందరూ డబ్బాల వదిన అంటారు. నిలువెత్తు అలమరా నిండా ఆకుపచ్చ డబ్బాలు పెట్టుకుని, గుమ్మం తొక్కినవాళ్లెవరినీ వట్టి చేతులతో పంపదు.

"ఇవి మందులు కావు పిన్నిగారూ! యాంటీ ఆక్సిడెంట్లు. పూర్తిగా సహజం. ఆకు, బెరడు, గింజ, అంతే. ఇనుముకి పట్టినట్టే మన ఒంట్లోనూ తుప్పు పడుతుంది. ఆ తుప్పుని ఇవి గీకి పారేస్తాయి. తుప్పు పోతే షుగర్ దానంతటదే దిగి కూర్చుంటుంది."

"కడుపుతో ఉన్నపిల్ల వేసుకోవచ్చా అమ్మా?"

"సహజం అన్నాక ఇంకా అనుమానమా! ఎవరికేం కావాలో చెట్టుకి తెలీదంటారా?"

చెట్టుకెలా తెలుస్తుందని అత్తగారు అడగాల్సింది. అడగలేదు. ఒక ఆడది కడుపుతో ఉందంటే చాలు, లోకంలో ప్రతివాళ్లకీ వైద్యం వచ్చేస్తుంది. మెట్లు ఎక్కొద్దనేవాళ్లు, ఎక్కాలనేవాళ్లు, ఎడమవైపు పడుకోమనేవాళ్లు, అసలు పడుకోవద్దనేవాళ్లు. సూది పొడిపించుకునేది ఒకరు, సలహా చెప్పేది పదిమంది. ఆ పదిమందిలో ఒక్కరికైనా, "ఏమ్మా, నీకెలా ఉంది?" అని అడగాలని తోచదు.

కోడలు బుద్ధిమంతురాలు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించే పని ఆమెది. వెంట్రుకవాసి తేడా వస్తే ఎదుటిమనిషికి లోకం వంకరగా కనబడుతుందని తెలిసిన మనిషి. డబ్బా ఇంట్లోకి వచ్చిన రోజే డాక్టరమ్మకి ఫోన్ చేసింది. డాక్టరమ్మ ఫోన్లోనే మండిపడింది.

"బిడ్డకి ఏం చేస్తుందో ఎవరికీ తెలీని పొడులు నోట్లో పెట్టొద్దు. నువ్వు ఇన్సులిన్ మీద ఉన్నావు. దాని మీద ఇంకోటి కలిపితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు కూడా. నన్నడక్కుండా ఏదీ వద్దు."

కోడలు ఆ మాట అత్తగారికి చేరవేసింది.

"మందులొద్దంది, అంతేగా? ఇవి మందులు కావుగా!" అన్నారు అత్తగారు.

"పాము విషం కూడా సహజమే అత్తయ్యా."

"పొద్దున్నే పాము పేరెత్తకు. నోరు తెరువు."

కోడలు నోరు తెరిచింది, వాసనకే వాంతి చేసుకుంది. ఆ డబ్బాలో ఉన్నవి మిరియాలంత నల్లటి గుళికలు. వాటి చేదు నాలుకదాకా రానక్కర్లేదు, ముక్కుకే తెలిసిపోతుంది. కథ అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ ఆ ఇంట్లో మామగారు కూడా ఉన్నారు.

మామగారు మాత్రల ఫ్యాక్టరీలో పూత విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడ చేదు మాత్రల్ని వాలుగా తిరిగే పెద్ద రాగి పాత్రలో పోస్తారు. గరిటెతో సిరప్ వేస్తూ, వేడిగాలి కొడుతూ, పొర మీద పొర ఆరబెట్టి, చివర్లో మైనంతో మెరుగుపెడతారు. ఆయన చేతిమీదుగా వచ్చిన మాత్ర ముత్యంలా ఉండేదని ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు. రిటైరయ్యాక ఆ చేతికి పని లేకుండా పోయింది. ఇంట్లో ఏ వస్తువు చూసినా దానికొక పొర తక్కువైనట్టు ఆయనకి అనిపించేది.

గుళికలు కిందపడి దొర్లుతుంటే ఆయన కళ్లు మెరిశాయి.

"ఇంత మొరటుగా చేసి జనం మీదికి వదులుతారా? ఛీ! మా రోజుల్లో అయితే గేటు దాటనిచ్చేవాళ్లం కాదు. ఇటివ్వు, నేను చూసుకుంటా," అన్నారు.

ఆ సాయంత్రమే వెనక గదిలో పాత కుట్టుమిషను మోటారుకి ఒక గుండ్రటి గిన్నె వాలుగా బిగించారు. కోడలు జుట్టు ఆరబెట్టుకునే యంత్రం మాయమైంది. తలుపు లోపల గడియ పడింది. పనిలో ఉండగా ఎవరూ రాకూడదు, గాలి మారితే పూత పగులుతుంది. మర్నాటికి నల్లటి గుళికలు గులాబిరంగు ముత్యాలై బయటికొచ్చాయి.

సిరప్ అంటే పంచదార పాకం. ఆ సంగతి ఆయనకి తెలీదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. తాపీమేస్త్రీకి ఇసుక ఎలాంటిదో ఆయనకి పంచదార అలాంటిది. టీలో వేసుకునేది పంచదార. ఒంట్లో ఎక్కువైతే షుగర్. ఫ్యాక్టరీలో బస్తాలతో దిగేది ముడిసరుకు. ఈ మూడూ ఒకటేనన్న ఆలోచన ఆయన బుర్రలోకి ఏ దారినా రాలేదు. ఒక్కొక్క గుళిక మీదా తన ముప్పై ఏళ్ల పనితనమంతా ధారపోసి ఆయన షుగర్ మందుకి పంచదార పూశారు.

"చూడమ్మాయ్, పళ్లెంలో వేస్తే గలగలమంటాయి," అని ఆయన పసిపిల్లాడిలా కోడలి ముందు నిలబడ్డారు. ఆ ముఖం చూసి కోడలికి వద్దనడానికి నోరు రాలేదు. చేసిన తప్పల్లా అదే. గుళిక చేతిలోకి తీసుకుని, తల వెనక్కి వాల్చి, నీళ్లు మాత్రం గుటకలు వేసి, గుళికని పిడికిట్లోనే ఉంచేసింది. తరవాత చేతిసంచిలో పడేసింది. సంచి నిండితే మంచం పక్క డ్రాయర్లో. దుకాణానికి వెళ్లేటప్పుడు దార్లో పారేద్దామనుకునేది. రోజూ అత్తగారు వీధి మలుపుదాకా కూడా వచ్చి, ఆమె బస్సెక్కి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడితే ఎక్కడ పారేస్తుంది?

ఇన్సులిన్ వల్ల, కొలిచి తినడం వల్ల, కోడలి మొండి నడక వల్ల అంకెలు దిగాయి. ఆ ఘనత మాత్రం గుళికలకి దక్కింది.

"చెప్పానా!" అంది డబ్బాల వదిన.

"పూత బాగుంటే లోపలి సరుకు కూడా సరిగ్గా పనిచేస్తుంది," అన్నారు మామగారు.

ఇక ఆ ఉదయం.

కోడల్ని లేపుదామని గదిలోకి వెళ్లిన అత్తగారు గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. గోడవారగా నల్లటి గీత ఒకటి కదులుతోంది. అది మంచంకోడు ఎక్కి, తలగడ అంచు తాకి, డ్రాయర్లోకి దిగుతోంది. ఇంకో పాయ తలుపుకి తగిలించిన చేతిసంచిలోకి వెళ్తోంది. మంచం మధ్యలో కోడలు నిద్రపోతోంది. ఇవి ఎక్కణ్ణించి వస్తున్నాయో చూద్దామని వెనకవైపు బాత్రూముకి పరిగెత్తితే అక్కడ కూడా నేలమీద చీమల బారు.

చీమల గురించి అత్తగారికి పెద్దలు చెప్పిన మాట ఒకటి తెలుసు. ఒంట్లో చక్కెర మితిమీరితే మనిషికంటే ముందు చీమలకి తెలుస్తుంది.

"అయ్యో! పిల్లకి చీమలు పట్టాయిరోయ్!" అని ఆవిడ పెట్టిన కేకకి కొడుకు సబ్బు నురగతో గడ్డం సగం గీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

కోడలు లేచి చూసి సంగతి గ్రహించింది. చెప్పేసేదే. కానీ మామగారు అప్పుడే తయారైన కొత్త వాయి పళ్లెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏదో తినేది పడుంటుంది అత్తయ్యా," అంది నసుగుతూ.

"ఈ గదిలో ఏనాడైనా తిన్నావా నువ్వు? ఇది లోపల్నించి వస్తున్న చక్కెరే!"

"అమ్మా, మీటరులో బాగానే ఉందిగా," అన్నాడు కొడుకు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. యంత్రం చూపించిన అంకెని నమ్మడం అతనికి అలవాటు.

అప్పటికప్పుడు కోడలి వేలికి సూది గుచ్చి చూశారు. అంకె చక్కగా ఉంది. అత్తగారు దాన్ని పురుగుని చూసినట్టు చూశారు.

"మీటరు అబద్ధం చెప్తోంది."

"మీటరెందుకు చెప్తుందమ్మా అబద్ధం?"

"చీమలెందుకు చెప్తాయిరా? వాటికేం లాభం?"

చివర మాట్లాడినవాళ్లది నిజమని ఒప్పుకోవడం కూడా కొడుక్కి అలవాటే. "అవును, వాటికేం లాభం," అన్నాడు.

"మీటరు సంగతి ఇప్పుడే తేలుస్తా. ఏ రోగమూ లేని మనిషిని పొడిచి చూద్దాం. ఏవండీ, ఇటు రండి!"

మామగారు పళ్లెం కింద పెట్టి, కూజాలోంచి ఒక గ్లాసు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు తాగి, నిండుగా ఛాతీ విరిచి వేలు చాపారు. అప్పుడే పూత గిన్నె దగ్గర్నించి వచ్చిన వేలు. సిరప్ గోళ్ల సందుల్లో కూడా ఉంది. మీటరు ఆ రక్తపు చుక్కని పీల్చి, అంకె చూపించడం తనవల్ల కాదన్నట్టు 'హై' అని ఇంగ్లీషులో రెండక్షరాలు పడేసి ఊరుకుంది.

"చూశావా! రాయిలాంటి మనిషికి ఇంత చూపించింది. అంటే ఏమిటి? పిల్లకున్నది కూడా తీసుకొచ్చి ఈయన లెక్కలో రాసేస్తోంది!"

"నా ఒంటికి వంకపెడుతుందా ఈ డొక్కు మీటరు! ముప్పై ఏళ్లలో జ్వరమని ఒక్క రోజు సెలవు పెట్టలేదు నేను," అని మామగారు ఉగ్రుడైపోయి, ఆ ఉక్రోషంలో కూజా మొత్తం ఖాళీ చేశారు.

అత్తగారు మంచంకోళ్లకి నాలుగు గిన్నెలు పెట్టి నీళ్లు పోశారు. పాలగిన్నెని చీమలనించి కాపాడినట్టు కోడల్ని కాపాడే ఏర్పాటు అది. కోడలు దిగబోయి ఒక గిన్నెలో కాలు పెట్టింది. గిన్నె బోర్లా పడింది, నీళ్లు కొడుకు చెప్పుల్లోకి వెళ్లాయి.

"నేను పాలగిన్నెనా అత్తయ్యా?" అంది కోడలు తడికాలితో నిలబడి. గొంతులో మొదటిసారి సెగ తగిలింది.

"కోప్పడకు, కోపంతో షుగర్ పెరుగుతుంది," అంది ఇంకో గొంతు. డబ్బాల వదిన వచ్చేసింది. కేక వినబడితే ఆవిడ డబ్బాతోనే వస్తుంది. చీమల్ని కిందనించి పైదాకా పరిశీలించి, చప్పట్లు కొట్టింది.

"శుభం పిన్నిగారూ! ఇదే నేను చెప్పిన తుప్పు. బయటికి నెట్టేస్తోంది. ఇప్పుడు వదలకూడదు. రెట్టింపు వెయ్యాలి."

"రెట్టింపేం ఖర్మ, గుప్పెడు వేద్దాం. పది గంటలకి డాక్టరమ్మ ముందు నిలబడాలి," అన్నారు అత్తగారు.

మామగారు కొత్త వాయి మొత్తం కోడలి దోసిట్లో పోశారు. ఒక్క గుళికని పిడికిట్లో దాచడం వేరు, దోసెడు దాచడం వేరు. కోడలు దోసిలి మూసి, దగ్గు వచ్చినట్టు వెనక్కి తిరిగి, సగం చేతిసంచిలోకి, సగం తన నైటీ జేబులోకి జార్చింది. జేబులోంచి రెండు జారి నేలమీద టంగుమన్నాయి.

"గలగలమంటాయని చెప్పలేదూ!" అన్నారు మామగారు గర్వంగా. ఆయనకి ఆ చప్పుడు తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆసుపత్రికి బయల్దేరింది ముగ్గురు కాదు, అయిదుగురు. మామగారు మీటరు కంపెనీ మీద ఫిర్యాదు చెయ్యడానికి, డబ్బాల వదిన డాక్టరమ్మకి తుప్పు సిద్ధాంతం వివరించడానికి. కారులో చీమలు చేతిసంచిలోంచి బయటికొచ్చి, ముందు సీటు ఎక్కి, కొడుకు మెడ మీద కుట్టాయి. అతను ఒక చేత్తో మెడ, ఒక చేత్తో చక్రం పట్టుకుని నడుపుతుంటే, "చూశావా, వీడికి కూడా పాకింది," అన్నారు అత్తగారు. ఆపైన కోడలి చెయ్యి పట్టుకుని మళ్లీ వదల్లేదు.

డాక్టరమ్మ గదిలో కుర్చీలు రెండే. అయినా అందరూ లోపలికి వెళ్లారు.

"మీటరు ఏదీ?" అంది డాక్టరమ్మ.

"దాన్ని చూడకండి, అది అబద్ధాలకోరు," అన్నారు అత్తగారు. "చీమలు పట్టాయి డాక్టరమ్మా. మంచమంతా చీమలు. వార్డులో పెడతానంటే మాత్రం నేనొప్పుకోను. పిల్ల ఎక్కడుంటే నేనూ అక్కడే. నేల మీద పడుకుంటా, దుప్పటి తెచ్చుకున్నా."

డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి వెళ్లిపోయింది. కోడలి చెయ్యి అత్తగారి చేతిలోంచి విడిపించి నర్సుతో రక్తపరీక్షకి పంపింది. ఫలితం వచ్చేదాకా డబ్బాల వదిన తుప్పు గురించి మాట్లాడుతూనే ఉంది. మామగారు గది మూలన ఉన్న నీళ్ల యంత్రం దగ్గరే నిలబడి ఉన్నారు. కోడలు తిరిగొచ్చి కూర్చున్నాక నర్సు కాగితం తెచ్చిచ్చింది.

"చక్కగా ఉన్నాయి. మీటరు చెప్పింది నిజమే. ఏదీ, ఒకసారి ఆ మీటరివ్వు, మిగతా రోజులవి కూడా చూస్తా."

కోడలు చేతిసంచిలోంచి మీటరు లాగింది. మీటరు తాడుకి చుట్టుకుని సంచి మొత్తం ఒరిగింది. గులాబి ముత్యాలు డాక్టరమ్మ బల్ల మీద వడగళ్లలా దొర్లాయి. రిపోర్టుల మీద, ఫోను మీద, నేల మీద, డాక్టరమ్మ ఒళ్లో. వాటి వెనకే సంచిలో కాపురం పెట్టిన చీమల సంసారమంతా బయటికొచ్చింది.

అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "వేసుకోలేదా? ఇన్నాళ్లూ ఒక్కటీ వేసుకోలేదా నువ్వు?"

"వేసుకోలేదు!" అని కోడలు లేచి నిలబడింది. నెలల నించి లోపల అణుచుకున్నదంతా ఒక్కసారి పొంగింది. "ఎందుకు వేసుకోవాలి? సూదులు నావి. కొలిచిన తిండి నాది. అందరూ పడుకున్నాక గదిలో గోడ నించి గోడకి నడిచింది నేను. అంకెలు దిగితే పేరు డబ్బాది! వద్దంటే వినేదెవరు ఆ ఇంట్లో? వద్దని డాక్టరు చెప్పింది, నేను చెప్పాను. మీకు చీమ చెప్తే నమ్మకం, మనిషి చెప్తే కాదు! నా పొట్ట మీద వీధిలో అందరికీ హక్కుంది, నాకు తప్ప. మంచంకోళ్లకి నీళ్లగిన్నెలు పెట్టారు, డాక్టరుగారూ! నన్ను గిన్నెల్లో పెట్టారు!"

కొడుకు, "అవును, పెట్టారు," అని గొణిగి భార్య ముఖం చూసి ఊరుకున్నాడు.

డాక్టరమ్మ ఒళ్లోంచి ఒక గుళిక తీసి వెలుతురులో తిప్పి చూసింది. "ఇంత నున్నగా ఎవరు చేశారు?"

"పూత నాది," అన్నారు మామగారు వినయంగా.

"దేంతో?"

"సిరప్‌తో."

"సిరప్‌లో ఏముంటుంది?"

మామగారు నోరు తెరిచారు. ముడిసరుకు, షుగర్, టీ మూడూ ఆయన బుర్రలో మొదటిసారి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

"పం... పంచదార," అన్నారు.

"షుగర్ మందుకి పంచదార పూశారా?" అన్నారు అత్తగారు. ఆవిడ గొంతు గుసగుసగా మొదలై, చివరి మాటకి బయట వరసలో కూర్చున్నవాళ్లందరికీ వినబడింది. "తలుపు గడియ వేసుకుని మీరు చేసింది ఇదా? ముప్పై ఏళ్లు మీ ఫ్యాక్టరీ వాళ్లు మిమ్మల్ని ఎలా భరించారండీ!"

"మెరుగు చూడవే ముందు!" అని ఆయన కూడా ఎదురుతిరిగారు. "పన్నెండు పొరలు. ఎక్కడైనా పగులు చూపించు!"

అందరికంటే ఎక్కువ అవమానపడింది డబ్బాల వదిన. "నా సరుకుకి పంచదార పూశారా? దాని సహజత్వం ఏం కావాలి? ఇక మా గుమ్మం తొక్కకండి," అని డబ్బా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

"డబ్బా మీద ఏముందో, లోపల ఏముందో ఆవిడకే తెలీదు. మీరు ఇంట్లోకి తెచ్చి కడుపుతో ఉన్నపిల్లకి పోశారు," అంది డాక్టరమ్మ అత్తగారితో. "ఈ అమ్మాయి ఇవి మింగి ఉంటే ఇవాళ వార్డులో ఉండేది. మింగలేదు కాబట్టి ఇంటికెళ్తోంది. అర్థమైందా? మీ వల్ల కాదు, మీ మాట విననందువల్ల."

అత్తగారికి మందలింపు సగమే వినబడింది. 'ఇంటికెళ్తోంది' అన్న మాట దగ్గరే ఆవిడ ఆగిపోయారు. కోడలి భుజం మీద తలపెట్టి భోరుమన్నారు. కోడలు ఇంకా కోపంగానే ఉంది. అయినా భుజం తీసెయ్యలేదు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. ముఖంలో ఇంకా ఏదో లెక్క తేలనట్టుంది.

"సంచిలోకి చీమలు వచ్చాయి సరే. డ్రాయర్లోకి వచ్చాయి సరే. ఇంకెక్కడైనా చూశారా?"

"వెనక బాత్రూములో కూడా," అన్నారు అత్తగారు ముక్కు తుడుచుకుంటూ.

"అక్కడ కూడా గుళికలు పారేశావా?"

"లేదు డాక్టరుగారూ. అది నేను వాడను. అది మావయ్యది," అంది కోడలు.

అందరూ మూలకి తిరిగి చూశారు. మామగారు అప్పుడే యంత్రం కింద ఇంకో గ్లాసు పట్టారు.

"పెద్దాయనగారూ, పొద్దుట్నించి ఎన్ని గ్లాసులు తాగారు?"

"దాహమేస్తే తాగనా?" అన్నారాయన కోపంగా.

"రాత్రులు లేస్తారా?"

"వయసొచ్చింది, లేవనా?"

"గుళికలు రుచి చూస్తారా?"

"వంకరపోయినవి పారెయ్యడానికి చేతులు రావమ్మా. నేనే... ఒకటీ అరా..."

నర్సు ఆయన చేతుల్ని సబ్బుతో రెండుసార్లు రుద్ది కడిగి, తుడిచి, వేలు పొడిచింది. మీటరు ఈసారి అంకె చూపించింది. కోడలు ఈ నెలల్లో ఎన్నడూ చూడని అంకె. చీమలు నిజమే చెప్పాయి. అయితే ఏ మనిషి గురించి చెప్తున్నాయో ఎవరూ అడగలేదు.

"ఇప్పటికిప్పుడు వచ్చింది కాదిది. చాలా కాలంగా ఉండి ఉంటుంది. పైన మగవాళ్ల వార్డులో చేర్చండి. షుగర్ దింపి, మందు కుదిర్చాక పంపిస్తారు," అంది డాక్టరమ్మ.

"నేనా? వార్డా?" మామగారు నిర్ఘాంతపోయారు. "నేను మీటరు మీద ఫిర్యాదు చెయ్యడానికొచ్చాను!"

అత్తగారు అందరికంటే ముందు మెట్లెక్కారు. పైన వార్డు గుమ్మంలో నర్సు ఆవిణ్ణి ఆపేసింది. మగవాళ్ల వార్డులో తోడుగా మగవాళ్లే ఉండాలి. కొడుకు ఉంటాడు. అత్తగారు ఆ మాట చెవిన పెట్టకుండా గుమ్మం బయట బెంచీ మీద కూర్చుండిపోయారు.

"నేను కదలను. ఆయన వచ్చేదాకా ఇక్కడే. వెళ్లొస్తాననే మాట నా నోట రాదు, ఎవరికీ చెప్పను," అన్నారు.

కోడలు పక్కన నిలబడి గోడ గడియారం చూసింది. "అత్తయ్యా, నేను వేళకి తినాలి. సూది వేసుకున్నాను. తినకపోతే కళ్లు తిరుగుతాయి."

"నువ్వెళ్లమ్మా."

"మీరు రాకపోతే నేనూ ఇక్కడే కూర్చుంటా," అని బరువుగా ఆ బెంచీ మీదే కూలబడింది. ఆ గొంతులో జాలి లేదు, బతిమాలడం లేదు. డాక్టరమ్మ గదిలో లేచిన గొంతే అది. ఇంకా దిగలేదు.

అత్తగారు గుమ్మం వైపు చూశారు, కోడలి పొట్ట వైపు చూశారు. రెండు వైపులా ఎడబాటే. ఒకవైపు దుప్పటి కప్పించుకుని కూర్చున్న మొండి ముసలాయన, ఇంకోవైపు ఆకలితో ఉన్న పిల్ల, పిల్ల కడుపులో పిల్ల. ఆవిడ పెదవి బిగించుకుని లేచారు.

"ఏవండీ, వెళ్తున్నా," అన్నారు గుమ్మంలోంచి. "నర్సు చెప్పినట్టు వినండి. దేనికీ పూత పుయ్యకండి."

"అప్పుడే వెళ్తావా? కాసేపు ఉండవే!" అన్నారు మామగారు మంచం మీంచి.

"కుదరదు. పిల్ల తినాలి."

కోడలి మోచెయ్యి పట్టుకుని ఆవిడ ఒక్కొక్క మెట్టే దిగారు. జీవితమంతా గుమ్మాల్లో, ప్లాట్‌ఫారాల మీద, వీధి మలుపుల్లో నిలబడిపోయిన మనిషి. ఇన్నేళ్లలో వెళ్లిపోయే వంతు ఆవిడకి రావడం ఇదే మొదటిసారి. మలుపులో ఒకసారి తలెత్తి చూశారు. పైన వార్డు గుమ్మంలో, నర్సు వద్దంటున్నా వినకుండా వచ్చి నిలబడి, మామగారు చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటున్నారు.

వెళ్లేవాళ్లకి ఇంత తేలిగ్గా ఉంటుందని ఇన్నాళ్లూ తనకొక్కరూ చెప్పనందుకు ఆవిడకి ఒళ్లు మండిపోయింది.